సరుకులు ఇరవయ్యో తారీఖుకే అయిపోతున్నాయి, ఏం చేయాలి?

ప్రశ్న: మాది విజయవాడ పటమట. ఇంట్లో ఐదుగురం. నేను, మావారు, తొమ్మిదో తరగతి అబ్బాయి, ఆరో తరగతి అమ్మాయి, షుగర్ ఉన్న మా అత్తగారు. ఒకటో తారీఖున సూపర్ మార్కెట్‌కి వెళ్లి ట్రాలీ నిండా తెచ్చుకుంటాం. ఇరవయ్యో తారీఖు వచ్చేసరికి నూనె ఉండదు, పప్పు ఉండదు. ఫ్రిజ్‌లో మాత్రం కుళ్లిన కూరగాయలు ఉంటాయి. మావారు ఒకే కూర రెండు పూటలా తినరు. పోయిన నెల ఖర్చు రాసి పెట్టాను: బియ్యం బస్తా (26 కిలోలు, 25 రోజులు వచ్చింది) 1,500, పాలు రోజుకు రెండు లీటర్లు, 4,400, పెరుగు ప్యాకెట్లు 900, సూపర్ మార్కెట్ సరుకులు 5,600, కూరగాయలు 2,800, చికెన్, చేప, గుడ్లు 2,600, పది నిమిషాల్లో తెచ్చే యాప్‌లో 1,900, కర్రీ పాయింట్, బయటి తిండి 3,100. మొత్తం 22,800. పిల్లల తిండి తగ్గించకుండా 17 వేలల్లో సర్దుకోవడం కుదురుతుందా?

సమాధానం: ఇంచుమించు కుదురుతుంది. కాకపోతే మొదటి నెలలోనే కాదు, మూడో నెలకి.

ముందు మీ లెక్కలో ఒక సవరణ. బస్తా 25 రోజులకే అయిపోతే బియ్యం ఖర్చు నెలకు 1,500 కాదు, 1,800. అంటే అసలు మొత్తం 23,100. ఇక పెరుగు ప్యాకెట్లు, యాప్, బయటి తిండి మూడూ కూడండి: 5,900. నెలంతా వండుకునే సరుకులకు మీరు పెట్టింది 5,600. వండుకునేదానికంటే వండుకోలేక కొన్నదానికే ఎక్కువైంది. ఖర్చు తగ్గించాలనగానే అందరూ చెయ్యి వేసేది పప్పు మీద, పాల మీద. మీ ఇంట్లో చిల్లు అక్కడ లేదు. సాయంత్రం ఏడున్నరకు "ఇప్పుడేం వండాలి" అనే ప్రశ్న దగ్గర ఉంది.

ఆ ప్రశ్న రాకుండా ఉండాలంటే చౌక కొట్టు వెతకడం కంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. మీ వంటింట్లో బియ్యం, పప్పు కొలిచే గ్లాసు తీసుకుని సందు చివరి కిరాణా కొట్టుకు వెళ్లండి. దాని నిండా తలకొట్టి బియ్యం పోసి తూయించండి, తర్వాత కందిపప్పు. 250 మిల్లీలీటర్ల గ్లాసైతే రెండూ ఇంచుమించు 200 గ్రాములు తూగుతాయి. చిన్న గ్లాసైతే 160 దగ్గర ఆగుతుంది. ఈ అంకె తెలియకుండా నెల సరుకుల చీటీ రాస్తే అది ఊహే. మీ ఇంట్లో ఇరవయ్యో తారీఖు తంటాకు మూలం ఇదే.

ఇప్పుడు బియ్యం చూద్దాం. 26 కిలోలు 25 రోజులంటే రోజుకు 1,040 గ్రాములు, 200 గ్రాములు పట్టే గ్లాసుతో ఐదుకు పైన. పొద్దున టిఫిన్ తినే ఇంట్లో, ఐదుగురిలో ఇద్దరు పిల్లలు, ఒకరు అన్నం తగ్గించాల్సిన పెద్దావిడ ఉన్నచోట ఇది ఎక్కువే. రాత్రి గిన్నె అడుగున అన్నం మిగులుతూ ఉండాలి. పగలు రెండున్నర గ్లాసులు, రాత్రి ఒకటిముప్పావు పోయండి. 850 గ్రాములవుతుంది, బస్తా ముప్పై రోజులు వస్తుంది. పాత బియ్యం నీళ్లు ఎక్కువ పీల్చి అన్నం ఒదుగుతుంది, డిసెంబరు, జనవరిలో వచ్చే కొత్త బియ్యం ముద్దయి ఒదగదు. కిలోకు రెండు మూడు రూపాయలు తక్కువని కొత్త బియ్యం బస్తా దింపుకుంటే గిన్నెలో అరగ్లాసు అదనంగా పోయాల్సి వచ్చి ఆ లాభం అక్కడే పోతుంది. బస్తా 25 కాకుండా 26 కిలోలు ఎందుకంటారా? 2022 జూలైలో ప్యాకెట్ కట్టి లేబుల్ వేసిన బియ్యం, పప్పులు 25 కిలోల వరకు ఉంటే 5 శాతం జీఎస్టీ వేశారు. దాటితే లేదు. అందుకని మిల్లులు ఒక కిలో పెంచాయి. ఐదేసి కిలోల బ్రాండు సంచులు కొనే అలవాటుంటే ఆ పన్ను మీరు కడుతున్నట్టే.

మిగిలిన అన్నం సంగతి. విజయవాడ ఎండల్లో రాత్రి తొమ్మిదింటి అన్నం పొద్దున ఏడింటిదాకా గట్టుమీద ఉంటే పులిహోరకు పనికొస్తుందనుకోకండి. అన్నంలో ఉండే కొన్ని సూక్ష్మజీవుల బీజాలు ఉడికినా చావవు, వెచ్చగా ఉంటే మళ్లీ పెరుగుతాయి, అవి వదిలే విషం తిరిగి వేడి చేసినా పోదు. వెడల్పాటి పళ్లెంలో ఆరబెట్టి రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెడితేనే పొద్దున తాలింపన్నానికి వాడండి.

పప్పులు మాత్రం తగ్గించొద్దు, పెంచండి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో పెద్దవాళ్లకు రోజుకు 85 గ్రాముల పప్పుధాన్యాలు (గుడ్లు, మాంసం తినేవాళ్లకు అవీ కలిపి) ఉండాలని లెక్క ఇచ్చింది. ఐదుగురికి నెలకు పన్నెండు కిలోలు దాటుతుంది. వినగానే గుండె గుభేలుమంటుందిగానీ, అందులో ఇడ్లీ మినపగుళ్లు, పెసరట్టు పెసలు, సాయంత్రం ఉడికించే శనగలు, బొబ్బర్లు అన్నీ కలిసే ఉంటాయి. మీ ఇంటికి నా లెక్క: కందిపప్పు మూడు కిలోలు, మినపగుళ్లు మూడు, పెసలు రెండు, పెసరపప్పు ఒకటి, శనగపప్పు ఒకటి, శనగలు, బొబ్బర్లు కలిపి ఒకటిన్నర. వారానికి మూడు నాలుగు రోజులు పప్పు వండితే ఒక్కోసారి ఒక గ్లాసు, అంటే 200 గ్రాములు, రెండు కట్టల ఆకుకూరతో ఐదుగురికి సరిపోతుంది. పప్పు పలుకుగా ఉండిపోతే గ్యాస్ తగలేయకండి. బోరు నీళ్లలోని సున్నం పప్పును మెత్తబడనివ్వదు. మున్సిపల్ కుళాయిలో వచ్చే కృష్ణా నీళ్లతో అరగంట నానబెట్టండి. చింతపండు, గోంగూర, మామిడికాయ లాంటి పులుపేదీ కుక్కర్ మొదటి విజిల్‌కు ముందు వేయకండి. పులుపు తగిలిన పప్పు గట్టిపడుతుంది. గోంగూర పప్పు చేసేవాళ్లు ఆకు విడిగా మగ్గించి తర్వాత కలిపేది అందుకే.

నూనె మీరు ఎంత వాడుతున్నారో రాయలేదు. ఐదుగురికి నెలకు నాలుగున్నర లీటర్లు దాటకూడదు. అదే మార్గదర్శకాల్లో మనిషికి రోజుకు 27 గ్రాములు అంటారు, దాన్ని గుణిస్తే వచ్చే అంకె ఇది. దీనికి నోరు కట్టేసుకోనక్కర్లేదు. ప్యాకెట్లన్నీ అలమార పై అరలో పెట్టి, ప్రతి సోమవారం ఒక లీటరు మాత్రం సీసాలోకి వంపండి. మిగిలిన అరలీటరు ఆదివారం వేపుళ్లకు, పునుగులకు. సీసాలో నూనె కిందికి దిగుతూ కనిపిస్తే చెయ్యి తనంతట తనే బిగుస్తుంది. కొనేటప్పుడు ఒక మోసం కాని మోసం ఉంది, చూసుకోండి: లీటరు నూనె 910 గ్రాములు తూగుతుంది. ఆఫర్‌లో పక్కనే తక్కువ ధరకు ఉన్న ప్యాకెట్ మీద చిన్న అక్షరాల్లో 850 గ్రాములనో 750 అనో ఉంటుంది, సైజు మాత్రం అంతే. ఎం.ఆర్.పి. దగ్గరే గ్రాముకు లేదా మిల్లీలీటరుకు ఎంత పడుతుందో కూడా అచ్చువేస్తారు. పోల్చాల్సింది ఆ అంకెనే.

ట్రాలీ గురించి. ఒకటో తారీఖున ఒకేసారి తేవడం మానేసి ఒకటిన, పదహారున రెండుసార్లు తెచ్చుకోండి. డబ్బాలు నిండుగా ఉన్న వారం ధారాళంగా వండుతాం, అడుగంటిన వారం యాప్ తెరుస్తాం. అది ఎవరింట్లోనైనా అంతే. ఆ 5,600లో సబ్బులు, సర్ఫు, టూత్‌పేస్టు కూడా ఉండి ఉంటాయి. వాటిని ఈ నెల నుంచి విడిగా రాయండి, లేకపోతే తిండి ఖర్చు ఎంతో ఎప్పటికీ తేలదు.

ఇక కూరగాయలు. మీ 2,800లో ఎంత చెత్తబుట్టలోకి పోతోందో మీకు తెలుసు. దీనికి రెండు కారణాలుంటాయి. ఒకటి, చీటీలో పేర్లు రాసుకుని వెళ్లడం. "బీరకాయ కిలో, వంకాయ కిలో" అని రాసుకుంటే ఆ రోజు బీరకాయ ఎంత ఉన్నా కొంటారు, పక్కనే సొరకాయ చవగ్గా ఉన్నా చూడరు. పేరు రాయకండి, రకం రాయండి. ఆకుకూర నాలుగు కట్టలు. రెండు రోజుల్లో వండేయాల్సినవి రెండు రకాలు, అరకిలో చొప్పున. నాలుగు రోజులు ఆగేవి రెండు రకాలు, అరకిలో చొప్పున. వారం దాటినా ఉండేవి ఒకటిన్నర కిలో. ఇవి కాక ఉల్లి, టమోటా, పచ్చిమిర్చి. అంతే చీటీ. రైతు బజారు గుమ్మంలో ఆ రోజు ధరల బోర్డు ఉంటుంది. 1999లో ఈ బజార్లు మొదలైనప్పటి నుంచీ ఉన్న పద్ధతే అది. ముందు దాని దగ్గర రెండు నిమిషాలు నిలబడి, ఏ రకంలో ఏది అగ్గువగా ఉందో చూసి అప్పుడు లోపలికి నడవండి. మీ పటమట బజారు మీకు దగ్గరే. పొద్దున ఏడున్నరలోపు వెళితే ఆకుకూర బాగుంటుంది, చీకటి పడేముందు వెళితే బేరం బాగుంటుంది కానీ సరుకు వడిలి ఉంటుంది. ఆ రాత్రే వండేదైతేనే సాయంత్రం కొనండి.

రెండో కారణం, వండే వరస. ఆదివారం కొన్నారనుకోండి. సోమ, మంగళవారాల్లో ఆకుకూర, బెండ, బీర, లేత వంకాయ అయిపోవాలి. బుధ, గురువారాలకు దొండ, గోరుచిక్కుడు, కాకర, పొట్ల. శుక్ర, శనివారాలకు దోసకాయ, కంద, చేమదుంప, బంగాళదుంప, క్యాబేజీ. పప్పు దోసకాయ, కంద ఫ్రిజ్‌లో పెట్టనే అక్కర్లేదు, గాలి తగిలే బుట్టలో ఉంటే చాలు. చాలామంది సోమవారం బంగాళదుంప వేపుడు చేస్తారు, పిల్లలు అడుగుతారని. గురువారం ఫ్రిజ్ తెరిస్తే బెండకాయ జిగురు, తోటకూర నల్లగా. బంగాళదుంప ఎక్కడికీ పోదు, శనివారం దాకా ఆగుతుంది.

ఏ కూరగాయనూ కడిగి ఫ్రిజ్‌లో పెట్టకండి. ప్లాస్టిక్ కవరు ముడి వేసి పెడితే లోపల చెమట పట్టి కుళ్లుతుంది. పాత కాటన్ చీర ముక్కలో చుడితే తడి అది పీల్చుకుంటుంది. పచ్చిమిర్చి తొడిమలు తీసి, కాగితం పరిచిన డబ్బాలో పెడితే రెండు వారాలు ఉంటుంది. తొడిమ దగ్గరే బూజు మొదలవుతుంది కాబట్టి ఆ పని కొన్న రోజే చేయాలి. కొత్తిమీర వేళ్లతో ఉంటే గ్లాసు నీళ్లలో నిలబెట్టండి, కాడలు చారులోకి. ఉల్లి, బంగాళదుంప ఒకే బుట్టలో వేస్తే రెండూ త్వరగా పాడవుతాయి. ఉల్లి కొనేటప్పుడు ఒక్కమాట: వానాకాలం పంట కర్నూలు ఉల్లిలో తడి ఎక్కువ, వారానికి మించి కొనకండి. ఏప్రిల్, మేలో మహారాష్ట్ర నుంచి వచ్చే ఎండిన ఉల్లి నెల రోజులు నిలవుంటుంది, పది కిలోలు తెచ్చుకున్నా నష్టం లేదు.

గోంగూర, తోటకూర కట్టలు కొనేటప్పుడు కట్ట లావు చూసి కొంటాం. చూడాల్సింది ఆకు. ముదురు గోంగూర కట్టలో సగం బరువు కాడే. జూన్ నుంచి ఆగస్టు దాకా సరుకు తగ్గి టమోటా ధర మండినప్పుడు పంతానికి పోయి కొనకండి. ఆ పులుపు పని చింతపండు చేస్తుంది, గోంగూర చేస్తుంది, నిమ్మకాయ చేస్తుంది, వేసవిలో ఎండబెట్టిన మామిడి ఒరుగు చేస్తుంది. టమోటా లేనిదే కూర లేదనే అలవాటు మన వంటకు ఈమధ్య వచ్చిందే. కార్తీక మాసంలో కూరగాయలు పెరిగి కోడి ధర దిగుతుంది. పట్టింపు లేని ఇల్లయితే ఆ నెల లెక్క అటు తిప్పుకోండి.

మీవారి సమస్యకు వద్దాం, ఒకే కూర రెండు పూటలా తినరన్నారు. దానికి రెండు పూటలా రెండేసి కూరలు వండక్కర్లేదు. పగలు పప్పో పులుసో ఒకటి, ఇగురో వేపుడో ఒకటి. వేపుడు, ఇగురు పగలే అయిపోయేలా అరకిలో కాయతో చేయండి, ఐదుగురికి సరిగ్గా సరిపోతుంది. పప్పు, పులుసు మాత్రం కొంచెం ఎక్కువ. రాత్రికి పులుసు ఊరి ఇంకా బాగుంటుంది, పప్పులో నీళ్లు, చింతపండు రసం పోసి మిరియం కొట్టి మరిగిస్తే పప్పుచారు. రాత్రికి కొత్తగా చేసేది ఒక రోటి పచ్చడో, ఆమ్లెట్టో, అప్పడాలో. ఇది పది నిమిషాల పని. పొద్దున చెక్కిన బీరకాయ తొక్కు, సొరకాయ తొక్కు ఉందిగా. రెండు పచ్చిమిర్చి, కాస్త నువ్వులు, చింతపండుతో వేయించి నూరితే ఆయన ముందు కొత్త పదార్థమే ఉంటుంది. తొక్కు చేదుగా ఉందేమో ముందే కొరికి చూడండి. చేదు బీర, చేదు సొర పచ్చడికీ పనికిరావు, కూరకూ పనికిరావు. అది రుచి సంగతి కాదు, కడుపులో వికారం తెస్తుంది.

వారానికి ఒక మూస పెట్టుకోండి, వంటల పేర్లతో కాదు. సోమవారం ఆకుకూర పప్పు, మంగళవారం పులుసు, బుధవారం గుడ్లు, గురువారం పప్పు, శుక్రవారం సాంబారు, శనివారం ముద్దపప్పు, ఏదో ఒక వేపుడు, ఆదివారం కోడో చేపో. పప్పు అంటే ఏ పప్పు, పులుసు అంటే ఏ పులుసు అనేది బజారులో దొరికినదాన్నిబట్టి. మూస మారదు, కూర మారుతుంది.

టిఫిన్ల దగ్గర చాలా డబ్బు పోతుంది, ఎవరూ గమనించరు. యాప్‌లో మీరు కొన్నవాటిలో ఇడ్లీ పిండి ప్యాకెట్ తప్పకుండా ఉంటుంది. తడి పిండి కిలో అంటే అందులో సగానికి పైన నీళ్లు. 400 గ్రాముల మినపగుళ్లు, 800 గ్రాముల ఇడ్లీ రవ్వతో ఇంట్లో రుబ్బితే దాదాపు మూడు కిలోల పిండి అవుతుంది, అరవై ఇడ్లీలు, మీ ఇంటికి మూడు పొద్దులు. పిండి పుల్లబడిపోతుందని చాలామంది మానేస్తారు. పిండి రుబ్బగానే రెండు గిన్నెలుగా విడదీయండి. ఒకటి బయట పులవనివ్వండి. రెండోది పులవకముందే ఫ్రిజ్‌లో పెట్టి, కావాల్సిన ముందు రోజు సాయంత్రం తీయండి. మే నెలలో ఇక్కడ ఐదారు గంటల్లో పులిసిపోతుంది కాబట్టి సాయంత్రం నాలుగింటికి రుబ్బి పడుకోబోయే ముందు ఫ్రిజ్‌లోకి తోయాలి. జనవరిలో పది పన్నెండు గంటలు పడుతుంది. మూడోనాటికి పులుపెక్కితే గుప్పెడు బియ్యప్పిండి, ఉల్లిపాయలు, జీలకర్ర కలిపి పునుగులు వేయండి. సాయంత్రం పిల్లల చిప్స్ ప్యాకెట్ ఖర్చు ఆ రోజుకు తప్పుతుంది.

పాలు రోజుకు రెండు లీటర్లు, దానిమీద మళ్లీ పెరుగు ప్యాకెట్లు. ఇది అర్థం లేని ఖర్చు. ప్యాకెట్ మీద వెన్న శాతం చూడండి: ఫుల్ క్రీమ్ 6, స్టాండర్డ్ 4.5, టోన్డ్ 3. పిల్లలు తాగడానికి ముప్పావు లీటరు ఫుల్ క్రీమ్ ఉంచి, టీకి, తోడుకు టోన్డ్ తీసుకోండి. లీటరుకు పది రూపాయలకు పైనే తేడా. టోన్డ్ పాల పెరుగు పలచగా ఉంటుందంటారు. పొంగిన తర్వాత సన్నసెగ మీద పది నిమిషాలు మరగనిచ్చి తోడు పెట్టండి, గట్టిగా తోడుకుంటుంది. పాలు వేలు ఓర్చుకునేంత గోరువెచ్చగా ఉండాలి. వేడిగా ఉంటే తోడు చచ్చి నీళ్లు తేలుతుంది. వేసవిలో అరచెంచా తోడు చాలు, నాలుగైదు గంటల్లో తోడుకోగానే ఫ్రిజ్‌లో పెట్టకపోతే పొద్దుటికి పుల్లటి మజ్జిగే. నెయ్యి కోసమని ఫుల్ క్రీమ్ తీసుకుంటున్నారేమో, లీటరు పాలలో ఉండేదే 60 గ్రాముల వెన్న. మీగడలో కొంత, తాగే పాలలో కొంత పోగా చేతికొచ్చేది అందులో భాగమే.

ఏడున్నర గంటల ప్రశ్నకు ఒక అర కేటాయించండి. అందులో ఎప్పుడూ ఉండాల్సినవి: కందిపొడి, ఏదో ఒక నిలవ పచ్చడి, ఊరమిరపకాయలు, అప్పడాలు, డజను గుడ్లు, అరకిలో పెసరపప్పు. పెసరపప్పుకు నానబెట్టే పని లేదు, కుక్కర్‌లో పది నిమిషాలు. కందిపొడి ఇంట్లో కొట్టుకోండి: కందిపప్పు ఒక గ్లాసు, శనగపప్పు పావు గ్లాసు, ఎండుమిర్చి పది పన్నెండు, జీలకర్ర చెంచా, వెల్లుల్లి ఐదారు రెబ్బలు, ఉప్పు. పప్పులు దళసరి మూకుడులో సన్నసెగ మీద పావుగంట వేయించాలి. తొందరపడి సెగ పెంచితే పైన ఎర్రబడి లోపల పచ్చిగా ఉండి, పొడి వారానికే పచ్చి వాసన వేస్తుంది. పూర్తిగా చల్లారాకే మిక్సీలో తిప్పండి, లేకపోతే ఆవిరికి ఉండలు కడుతుంది. వేడన్నం, కందిపొడి, నెయ్యి, పక్కన ఒక ఆమ్లెట్. దీన్ని చూసి ఏ పిల్లాడూ మొహం తిప్పుకోడు. అప్పటికీ ఓపిక లేని రోజుంటే కర్రీ పాయింట్‌కే వెళ్లండి, అన్నం ఇంట్లో వండుకుని కూరలు మాత్రం తెచ్చుకోండి. బిర్యానీ ఆర్డర్ పెట్టడంకంటే మూడో వంతులో అయిపోతుంది. కర్రీ పాయింట్‌ను పూర్తిగా మానమని నేను చెప్పను, మానలేరు కూడా. నెలకు నాలుగుసార్లు అని ముందే రాసిపెట్టుకోండి.

యాప్ ఫోన్‌లోంచి తీసేయడం కంటే, ఇంటి కిరాణా కొట్టువాళ్లకు వాట్సాప్‌లో చీటీ పెట్టే అలవాటు మేలు. చాలా కొట్లు ఇంటికి పంపుతాయి, పైగా వంద గ్రాముల జీలకర్ర కోసం చిన్న ఆర్డర్ రుసుము వేయవు.

మాంసం దగ్గర పెద్దగా తగ్గించేది లేదు. స్కిన్‌లెస్ అడిగితే కిలోకు ధర ఎక్కువని గుర్తుంచుకోండి. చేపల్లో శీలావతి, బొచ్చె మన చెరువుల్లోవే కాబట్టి సముద్రం చేపకంటే చవక, కోసి శుభ్రం చేశాక బరువు బాగా తగ్గుతుంది కాబట్టి తూకం ఎప్పుడు వేస్తారో ముందే అడగండి. గుడ్లు ముప్పై ట్రే కొనండి. ఒక్కో గుడ్డులో ఆరు గ్రాముల ప్రొటీన్ ఉంటుంది.

ఏడాది సరుకు మీద మీరు ఏమీ రాయలేదు. ఎండుమిర్చి, చింతపండు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య కొత్తవి దిగుతాయి. పసుపు కొమ్ములూ అప్పుడే, దుగ్గిరాల మనకు పక్కనేగా. నెలకు 300 గ్రాముల కారం లెక్కన మీకు ఏడాదికి మూడున్నర కిలోలు కావాలి. తొడిమ తీశాక బరువు తగ్గుతుంది కాబట్టి నాలుగు కిలోల కాయ తీసుకోండి. గుంటూరు మిర్చి యార్డుకు బయల్దేరకండి, అక్కడ టిక్కీల్లో, అంటే పెద్ద మిర్చి బస్తాల్లో బేరం, కిలోల్లో కాదు. కిరాణా హోల్‌సేల్ కొట్లలోనే దొరుకుతుంది. తేజ రకం ఒట్టి ఘాటు, దానితోనే కారం పట్టిస్తే పిల్లలు తినలేరు, రంగు కోసం ఇంకో రకం కలపాలి. ఎండలో గలగలమనేలా ఎండబెట్టి పట్టించి, చల్లారాక జాడీలో నొక్కండి. చింతపండు గింజ, ఈనె తీసినది కొంటేనే తూకం లెక్క నిలుస్తుంది. ఉప్పు చల్లి జాడీలోనే పెట్టండి, అల్యూమినియం డబ్బాను పులుపు తినేస్తుంది. దీనికి నెలకు 400 పక్కన పెడుతూ పోతే మార్చికి ఒకేసారి భారం కాదు. పప్పులు మాత్రం ఏడాదికి కొనకండి. జూలై తేమ మొదలైతే పురుగు ఆగదు. నెలకు మించి నిలవ ఉంచే కందిపప్పుకు కిలోకు చెంచా ఆముదం పట్టించవచ్చు. బియ్యంలో బోరిక్ పొడి కలిపే అలవాటు కొన్ని ఇళ్లలో ఉంది, అది వద్దు. ఎండుమిర్చి, వేపాకు వేసి మూత బిగించండి. బియ్యం ఎండలో పోస్తే గింజ చిట్లి నూక అవుతుంది, నీడలోనే ఆరబోయాలి.

మీ అత్తగారికి విడిగా వంట అక్కర్లేదు. అదే పప్పు, అదే కూర, అన్నం ఒక కప్పు తగ్గించి రాత్రికి జొన్నరొట్టె. ఐదు కిలోల జొన్నలు తెచ్చి నెలకు సరిపడా మాత్రమే పిండి పట్టించండి. పొద్దున ఆవిడకు ఇడ్లీకంటే పొట్టు పెసలతో పెసరట్టు మంచిది. రాగిజావ షుగర్‌కు మందని చాలామంది పలచగా కాచి గ్లాసులకు గ్లాసులు తాగిస్తారు, జావ త్వరగా అరిగి షుగర్ పెరుగుతుంది. అది తాగించేముందు డాక్టర్‌ను అడగండి.

ఇవన్నీ చేస్తే లెక్క ఇలా వస్తుంది. బియ్యంలో 300, పాలు పెరుగులో 1,350, యాప్‌లో 1,400, బయటి తిండిలో 1,600, కూరగాయల్లో 500, నూనె, సరుకుల్లో పప్పులు పెంచి ఏడాది సరుకుకు పక్కన పెట్టింది పోగా 700. మొత్తం 5,850. మీ 23,100లోంచి తీసేస్తే 17,250. మొదటి నెల 20 వేల దగ్గర ఆగితే కంగారు పడకండి, ఆ నెల డబ్బాలు నింపడానికే కొంత పోతుంది. వచ్చే బస్తా విప్పిన రోజు దానిమీద స్కెచ్ పెన్నుతో తారీఖు వేయండి. ముప్పై రోజుల్లోపే అడుగు కనిపిస్తే ముందు చూడాల్సింది రాత్రి అన్నం గిన్నె.